వాకిలి ముందు మెటల్ డిటెక్టర్: జాగా ఎవరిది, దొరికింది ఎవరిది?

నల్లగొండ పట్టణంలో పానగల్లు వైపు సాగే ఒక వీధిలో రెండేళ్ల కిందట చూసిన సంగతి ఇది. నల్లా పైపుల కోసం తవ్వి పూడ్చిన మన్ను ఇంకా గట్టిపడలేదు. పద్దెనిమిదేళ్లు నిండీ నిండని ఒక అబ్బాయి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, మెటల్ డిటెక్టర్‌ను నేలకు రెండు వేళ్ల ఎత్తున అటూ ఇటూ ఊపుతూ, ఇళ్ల ప్రహరీలకూ తారురోడ్డుకూ నడుమ ఉన్న జాగా వెంట నడుస్తున్నాడు. ఒక ఇంటి ముందు యంత్రం కూయగానే కూర్చుని తాపీతో మన్ను తీయసాగాడు. అప్పుడే వాకిలి ఊడ్వడానికి వచ్చిన పెద్దావిడ చీపురు పట్టుకునే అడిగింది: "మా వాకిట్ల ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? అడగొద్దా?" అబ్బాయి లేచి నిలబడి, "తప్పైంది పెద్దమ్మా, ఇది రోడ్డు జాగానే గదా అనుకున్న" అన్నాడు. గుంతలోంచి బయటపడింది తుప్పు పట్టిన ఎద్దు నాడ.

ఆమె వాకిలి అన్నది, అతడు రోడ్డు జాగా అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆ సగం సగం నిజాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలంటే కొంత వెనక్కి పోవాలి.

మన ఊళ్లలో వాకిలి అనేది హద్దురాళ్లు పాతిన జాగా కాదు. పొద్దున్నే నీళ్లు చల్లి, ముగ్గు వేసి, ఎండాకాలం రాత్రి మంచం వేసుకుని, పెండ్లికి పందిరి వేసుకునే చోటు అది. ఆ వాడుకను ఎవరూ ప్రశ్నించరు గనుక అది తమదేనన్న భావన తరతరాలుగా స్థిరపడింది. రికార్డు మాత్రం వేరుగా ఉంది. నిజాం కాలంలో 1317 ఫస్లీలో, అంటే 1907 ప్రాంతంలో, వచ్చిన భూమిశిస్తు చట్టం ప్రజలు నడిచే బాటలు, వీధులు, వంతెనలు, కందకాలు ప్రభుత్వానివేనని రాసింది. ఈనాడు పట్టణంలోని వీధులు 2019 మున్సిపాలిటీల చట్టం కింద మున్సిపాలిటీ ఆధీనంలోనూ, ఊళ్లోని బాటలు 2018 పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామ పంచాయతీ ఆధీనంలోనూ ఉన్నాయి. పెద్ద రోడ్లయితే రోడ్లు భవనాల శాఖకో, జాతీయ రహదారుల సంస్థకో చెందుతాయి. కొత్త కాలనీల్లో లేఅవుట్ అనుమతి తీసుకునేటప్పుడే రోడ్లకు వదిలిన జాగా మొత్తాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసివ్వాలి. అందువల్ల ప్రహరీ బయట నాటిన మందార మొక్క ఇంటివారిదే అయినా, దాని వేరు దిగిన మన్ను వారిది కాదు.

అయితే ఆ జాగా ప్రభుత్వానిది అన్నంత మాత్రాన ఎవరైనా తవ్వుకోవచ్చునని అర్థం కాదు. నడవడానికి అందరికీ హక్కు ఉంది. తవ్వడానికి ఇంటివారికి కూడా లేదు. నల్లా కనెక్షన్ కోసం రోడ్డు కోయాలన్నా మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, రసీదు తీసుకోవలసిందే. అబ్బాయి పట్టుకున్న తాపీ చిన్నదే కావచ్చు గాని, ఈ నియమానికి తాపీ, పార అన్న తేడా లేదు.

దొరికిన వస్తువు సంగతి దీనికి పూర్తిగా వేరైన ప్రశ్న, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రోడ్డు పక్కన డిటెక్టర్‌కు చిక్కేవాటిలో అత్యధికం దాచినవి కావు, పోగొట్టుకున్నవి: మొన్నటి రూపాయి బిళ్ల, పట్టీ నుంచి రాలిన మువ్వ, తాళంచెవి, అరుదుగా ఒక ఉంగరం. వీటికి, దాచిన సొమ్ముకు వర్తించే నిధుల చట్టంతో పని లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 71వ సెక్షన్ ప్రకారం పరుల వస్తువు దొరికి చేతిలోకి తీసుకున్నవాడికి, దాన్ని అప్పగింతగా పుచ్చుకున్నవాడికి ఉండే బాధ్యతే ఉంటుంది. జాగ్రత్తగా ఉంచాలి, యజమాని కోసం విచారించాలి. యజమాని ఎవరో తెలిసి గాని, తెలుసుకునే వీలుండి గాని సొంతం చేసుకుంటే అది నేరం. పూర్వపు శిక్షాస్మృతిలో 403గా ఉన్న ఈ నేరం 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్‌గా ఉంది. కాబట్టి ఒక ఇంటి ముందు ఉంగరం దొరికితే ముందుగా ఆ ఇంటి తలుపు తట్టడం మర్యాద మాత్రమే కాదు, చట్టం అడిగే పని కూడా.

దాచిన సొమ్ము సంగతికి వస్తే, 1878 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది బ్రిటిష్ ఇండియాలో వచ్చిన నిధుల చట్టం, నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధేనని నిర్వచించింది. దాని విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈనాడు 10 రూపాయలంటే ఒక చాయ్ ఖర్చు గాని, ఆనాటి రూపాయి 11.66 గ్రాముల వెండి నాణెం. పది రూపాయలు నూట పదహారు గ్రాములు తూగేవి. నోటీసు అందిన తరువాత కలెక్టరు ప్రకటన జారీ చేసి, హక్కుదారులు ముందుకు రావడానికి నాలుగు నెలలకు తగ్గకుండా, ఆరు నెలలు మించకుండా గడువు ఇవ్వాలి. నూరేళ్లలోపు దాచినట్టు చూపగల వారసులెవరూ లేకపోతే దాన్ని యజమాని లేని సొమ్ముగా ప్రకటిస్తారు. అప్పుడు, వేరే ఒప్పందం లేని పక్షంలో, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి గలవాడికి. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహపు విలువకు మరో అయిదో వంతు కలిపి చెల్లించాలి. చెప్పకుండా దాచుకున్నవాడికి వాటా పోవడమే గాక ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "ఏం దొరికినా సర్కారు గుంజుకుంటది" అని మన పల్లెల్లో పాతుకుపోయిన నమ్మకానికి, ఈ చట్టంలో ఉన్నదానికి మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఆ భయం వల్లనే ఎన్ని నాణేలు కంసాలి కుంపట్లో కరిగిపోయాయో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఈ చట్టం పుట్టిననాడు నల్లగొండ, మహబూబ్‌నగర్ బ్రిటిష్ ఇండియాలో లేవు. ఇక్కడ నడిచింది నిజాం పాలన, చెల్లింది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా. గులాం యజ్దానీ నాయకత్వంలో 1914లో హైదరాబాద్ రాజ్యానికి సొంత పురావస్తు శాఖ ఏర్పడింది. 1337 ఫస్లీలో, అంటే 1927 ప్రాంతంలో, ప్రాచీన కట్టడాల రక్షణకు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత 1972లో పార్లమెంటు పురావస్తువుల చట్టం చేసి, నూరేళ్లు దాటిన నాణెం, శిల్పం, శాసనం వంటివాటిని పురావస్తువులుగా గుర్తించి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని నిషేధించింది. 2017లో తెలంగాణ తన వారసత్వ సంపద కోసం ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. కేంద్రం రక్షించే కట్టడాలైతే హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అయినప్పటికీ ఎక్కడ లంకెబిందె బయటపడ్డా అధికారులూ పత్రికలూ తరచుగా తలచేది ఆ 1878 చట్టాన్నే. కమాను కింద 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉన్న, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి ఒకటి ఈనాడు వీధిలో దొరికిందనుకుందాం. ఆయన 1911లో కన్నుమూశారు గనుక ఆ నాణెం వయసు నూరు దాటింది. ఎవరి జేబులోంచో జారిన ఒంటరి నాణెమే అయినా అది పురావస్తువే.

యంత్రం చరిత్ర వీటితో పోలిస్తే చిన్నది. 1881లో కాల్పులకు గురైన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లోని తూటాను వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఒక పరికరాన్ని తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలను వెతకడానికి ఈ రకం యంత్రం సైన్యం చేతికి వచ్చింది, ఆ తరువాత వేడుకగా వెతికేవారి చేతికి. ఆ వేడుక బలంగా ఉన్న ఇంగ్లండు 1996లో కొత్త నిధుల చట్టం చేసి, దొరికిన నిధిని 14 రోజుల్లో తెలపాలని నిర్ణయించింది. మన 1878 చట్టంలో యంత్రం ఊసే లేదు. నాగలికో గునపానికో అనుకోకుండా తగిలిన బిందెను ఊహించి రాసిన చట్టమది.

మన నేల విషయంలో ఇది పెద్ద లోటు. పాత ఊరు ఖాళీ అయిన దిబ్బను మనవారు పాటిగడ్డ అంటారు. ఆ పాటిమన్ను సారవంతమైనదని బండ్లతో తోలి చేలలో చల్లారు, ఇళ్ల పునాదుల్లో, బాటల పల్లాల్లో పోశారు. అందువల్ల దక్షిణ తెలంగాణలో ఒక బాట పక్క మన్నులో కుండపెంకులు, పూసలు, నాణెం కనిపిస్తే అవి అక్కడివే అని చెప్పలేము. కొన్ని చోట్ల మాత్రం ఊరు పాటి మీదనే నిలిచి ఉంటుంది, అక్కడ రెండడుగుల లోతులోనే అసలు పొర ఉంటుంది. ఏది తెచ్చి పోసిన మన్నో, ఏది కదలని మన్నో తేల్చేది అక్కడి పొరల వరుస. తాపీతో తీసిన చిన్న గుంత ఆ వరుసను తుడిచేస్తుంది.

నల్లగొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. కృష్ణా తీరపు వర్తకం ఎంత దూరం పాకిందో వాటిని బట్టి కూడా చెప్పగలిగారు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 నాణేలు, అన్నీ సీసపువే, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. అదే కుండ రాత్రిపూట ఎవరి డిటెక్టర్‌కో చిక్కి ఉంటే, బంగారం కాదని తెలిసిన క్షణంలో పాత సామాన్ల కొట్టుకు చేరేది, తూకానికి పోయేది. కాని క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలపు విహారంలో భిక్షువుల నడుమ డబ్బు ఎందుకు ఉందన్న ప్రశ్నను లేవనెత్తింది ఆ సీసమే, అది ఉన్న చోటే.

రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ కోటల చుట్టూ, ముడుమాల నిలువురాళ్ల వంటి చోట్ల చుట్టూ ఉన్న ఊళ్లకు గుప్తనిధుల వేట కొత్త కాదు. అంజనం వేసేవారు, నిమ్మకాయలు, కుంకుమ, అర్ధరాత్రి తవ్వకాలు, మరునాడు పగిలిన నంది, పెకిలించిన లింగం: ఇది చూసి చూసి విసిగిన జనానికి మెటల్ డిటెక్టర్ పట్టుకున్న కొత్త మనిషి కనిపిస్తే అనుమానం కలగడం సహజం. అందుకే ఇక్కడ మర్యాద అనేది చట్టం కంటే ముందు వస్తుందని నేను గట్టిగా భావిస్తున్నాను. తెల్లవారిన తరువాతనే రావాలి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ కార్యదర్శి వద్ద రాతపూర్వక అనుమతి పొంది, దాన్ని జేబులో ఉంచుకోవాలి. హక్కు లేకపోయినా ఇంటివారిని అడగాలి, ఎందుకంటే ఆ వాకిలి ఊడ్చేది వాళ్లు. గుడి, మసీదు, దర్గా, సమాధుల దరిదాపులకు పోనేకూడదు. నల్లా పైపు దారి తెలుసుకోకుండా మన్ను కదపకూడదు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరాలను చూసిన నల్లగొండలో మంచినీళ్ల పైపు పగలడం చిన్న తప్పు కాదు.

ఆ ఉదయం అబ్బాయి గుంత పూడ్చి, మడమతో తొక్కి, పెద్దావిడ చేతికి నాడ ఇచ్చాడు. ఆమె దాన్ని తిప్పి చూసి, "మా మామకు నాలుగెడ్లుండె" అన్నది, లోపలికి పట్టుకుపోయింది.

దొరికింది నాడ కాక నాణేల బిందె అయినట్టయితే, అతడు చేయవలసింది అక్కడే చేయి ఆపి, తహసీల్దారు ద్వారానో నేరుగానో కలెక్టరుకు తెలపడం. 2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ నుంచి ఆ ఏడు వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల, 2019లో నారాయణపేట విడిపోయాయి గనుక, ఏ కలెక్టరు అన్నది కూడా చూసుకోవాలి. 1878 చట్టం ఆ నోటీసులో మూడు సంగతులు రాయమంటుంది: ఏమిటి ఎంత, ఏ చోట, ఏ రోజు. మొదటిదాన్ని కంసాలి అయినా తూచి చెప్పగలడు. ఏ చోట, ఎంత లోతున, దేని పక్కన అన్నది మాత్రం తవ్విన చేయి ఆ రోజే రాసిపెట్టకపోతే మరెవరూ చెప్పలేరు.