విష్ణుమూర్తి చిత్రణ: కలంకారీ చిత్రకారుడి దృష్టిలో అపోహలు, వాస్తవాలు

శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డపై కలంతో బొమ్మలు వేసే మాకు విష్ణుమూర్తి గురించి తరచూ వినిపించే మాటల్లో కొన్నింటిని సరిదిద్దవలసి ఉంది.

అపోహ: విష్ణువు ఎప్పుడూ నీలంగానే ఉండాలి.

వాస్తవం: మనం నిత్యం చదివే శ్లోకాల్లోనే ఒకటి ఆయనను ‘శశివర్ణం’ అంటే, మరొకటి ‘మేఘవర్ణం’ అంటుంది. కృతయుగంలో తెల్లగా, త్రేతాయుగంలో ఎర్రగా, ద్వాపరంలో శ్యామంగా ఉంటాడని భాగవతం చెబుతుంది. మేము మేఘవర్ణాన్ని నీలిమందుతో చూపిస్తాం. ఎరుపు కోసం పటిక పూసిన గుడ్డను ఉడకబెట్టి, ఉతికి, ఆరబెట్టిన తరువాతే నీలం అద్దుతాం కనుక, చివరి దశ వరకూ స్వామి దేహం రంగు లేకుండానే ఉంటుంది.

అపోహ: శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఉన్నా ఒకటే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే పొరపాటు ఇదే. ఈ నాలుగు లాంఛనాలను (చేత పట్టే గుర్తులను) నాలుగు చేతుల్లో మార్చి అమర్చితే 24 రూపాలు వస్తాయి. సంధ్యావందనంలో పలికే కేశవాది 24 నామాలకు శాస్త్రగ్రంథాలు ఒక్కొక్క అమరికను నిర్దేశించాయి. కింది కుడిచేత పద్మం, పై కుడిచేత శంఖం, పై ఎడమచేత చక్రం, కింది ఎడమచేత గద ఉంటే ఆయన కేశవుడు. అదే వరుసలో శంఖం, పద్మం, గద, చక్రం వస్తే నారాయణుడు. కొన్ని నామాల విషయంలో గ్రంథాలకు భేదం ఉన్న మాట నిజమే గానీ, ఏదో ఒక గ్రంథాన్ని అనుసరించాలి. ఇక్కడ కుడి అంటే స్వామి కుడి, చూసేవారి కుడి కాదు. నేర్చుకునే పిల్లలు అచ్చుబొమ్మను తిరగేసి, చింతబొగ్గుతో గీత దించుకున్నప్పుడు రేఖ ఎంత చక్కగా కుదిరినా కుడిఎడమలు తారుమారై మూర్తి పేరే మారిపోతుంది. అలాగని అన్ని మూర్తులూ ఈ లెక్కలో ఇమడవు. తిరుమల శ్రీనివాసుడి పై చేతుల్లో శంఖచక్రాలుంటాయి, కింది కుడిచేయి వరమిచ్చే వరదముద్రలో, ఎడమచేయి కటిపై (నడుముపై) ఉంటాయి. ఆ చేతుల్లో గదాపద్మాలు పెట్టడం తప్పు.

అపోహ: దశావతారాల జాబితా ఒక్కటే.

వాస్తవం: కొన్ని సంప్రదాయాల్లో బలరాముడు, కృష్ణుడు వరుసగా వస్తారు, మరికొన్నింటిలో బుద్ధుడికి చోటుంది. అందుకే దశావతారాల తెర కోరి వచ్చినవారిని, మీ ఇంటి సంప్రదాయంలో బలరాముడా, బుద్ధుడా అని అడిగి తెలుసుకున్నాకే గుడ్డపై గళ్లు గీస్తాం.