చట్టంలో ఉరి ఉంటే ఉరి తీసినట్టేనా?

లా కాలేజీలో న్యాయచరిత్ర చెబుతాను. ఏటా వైవాలో వినిపించే మాట ఒకటుంది: "18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జేబురుమాలు కొట్టేసినా ఉరే సార్, అందుకే దొంగలు భయపడేవాళ్లు." వాట్సాప్‌లో చదవడం, థీసిస్‌లో ఎక్కించడం!

మొన్నొక అమ్మాయి రేపు సబ్మిషన్ అనగా ఏడుస్తూ ఫోన్ చేసింది. మూడో అధ్యాయమంతా ఆ మాట మీదే కట్టిందట. చింపక్కర్లేదమ్మా, లండన్ నేర న్యాయస్థానం ఓల్డ్ బెయిలీ పాత కేసులు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఓ పది చదువు అన్నాను.

అపోహ: చట్టంలో ఉరి ఉందంటే తీసేవారు.

వాస్తవం: ఉరి పడదగ్గ నేరాలు 200 దాకా పెరిగిన మాట నిజం. కానీ తీర్పులు చూడండి. ఇంట్లోంచి 40 షిల్లింగుల (అప్పటి ఇంగ్లిష్ నాణెం, 12 పెన్నీలు ఒక షిల్లింగు) సొత్తు పోతే ఉరి అని 1713 చట్టం. అభియోగంలో సొత్తు విలువ ఎంతున్నా, జ్యూరీ నోట "39 షిల్లింగులు". ఇంకో కేసు తీస్తే మళ్లీ 39. జేబుదొంగకి గీత 12 పెన్నీలు, అది దాటితే ఉరి. అందుకే రుమాలు ఖరీదు 10 పెన్నీలైపోయేది. ప్రాణం మీదికొస్తే బొంకవచ్చని బలికి శుక్రాచార్యుడు చెప్పాల్సి వచ్చింది, లండన్ జ్యూరీలకి ఎవరూ చెప్పలేదు. ఆనాటి ఇంగ్లిష్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ దీన్ని ఒకరకం పుణ్యపు అబద్ధమన్నాడు. ఉరి ఖాయమయ్యాక కూడా చాలామందికి రాజు క్షమాభిక్ష దొరికేది. 1718 తర్వాత అలాంటివాళ్లని 14 ఏళ్ల ప్రవాస శిక్ష మీద అమెరికా ఓడ ఎక్కించేవారు.

పైగా కేసు నడిపేది సొత్తు పోగొట్టుకున్నవాడే, ఖర్చూ అతనిదే. రుమాలు కోసం ఒకడి మెడకి తాడు బిగించాలా అని చాలామంది ఊరుకునేవారు. భయం ఎవరికి ఎక్కువో ఆలోచించండి.

మిగతా అపోహలు చకచకా. ఇంగ్లండ్‌లో మంత్రగత్తెలని కాల్చలేదు, ఉరితీశారు. కాల్చింది స్కాట్లండ్‌లో, అదీ మామూలుగా గొంతు నులిమాక. మేకుల పెట్టె ఐరన్ మెయిడెన్ తర్వాత పుట్టిన కట్టుకథ. ఆనాటి జైళ్లలో ఎక్కువగా ఉన్నది విచారణ ఖైదీలు, బాకీదారులు.

మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. ఓసారి కొబ్బరినూనె సీసా ఎత్తుకెళ్తున్న కుర్రాణ్ణి జనం పట్టుకున్నారు. కానిస్టేబుల్ వచ్చేలోపు నాన్న అరువు పుస్తకం తీసి వాడి పేరడిగి పద్దు రాసేశాడు. "అరువు తీసుకెళ్లాడండీ" అన్నాడు. ఆ పద్దు చివరిదాకా కొట్టేయలేదు.