మడతపెట్టగల పింగాణీ: నానో పోగుల పుట్టుక

పింగాణీ కప్పు చేయి జారితే ముక్కలవుతుంది. గాజు పలకను వంచబోతే విరుగుతుంది. అదే గాజులోని సిలికాను వెంట్రుక మందంలో రెండు వందల వంతు సన్నటి పోగులుగా వడికి చాపలా పరిస్తే, దాన్ని గుడ్డలా మడతపెట్టవచ్చు. మంటలో పెట్టినా అంటుకోదు.

పదార్థం మారలేదు, మారింది మందం ఒక్కటే. దేన్నైనా వంచితే దాని వెలుపలి అంచు సాగాలి. 3 మిల్లీమీటర్ల పలకను 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే ఆ అంచు అర శాతం సాగుతుంది, పలక పగలడానికి అది చాలు. 300 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) పోగు అంతే సాగాలంటే దాన్ని వెంట్రుక చుట్టూ చుట్టాలి. ఇంకో కారణం కూడా ఉంది. సన్నటి పోగులో పెద్ద పగులు దాక్కోవడానికి చోటే ఉండదు. గాజు పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతుందని ఇంగ్లండ్‌లో గ్రిఫిత్ 1921లోనే చూపించాడు.

మరి అంత సన్నగా వడికేదెలా? అల్యూమినియం ఆక్సైడైన అల్యూమినా కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి, జిర్కోనియం ఆక్సైడైన జిర్కోనియాకు 2,700 దాకా కావాలి. అంత వేడి ద్రవాన్ని సూదిలోంచి లాగలేం. అందుకే ముందు ద్రావణాన్ని వడికి, ఆ తర్వాత దాన్ని పింగాణీ జాతి పదార్థమైన సిరామిక్‌గా మారుస్తారు. సిలికా కోసమైతే టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్ అనే ద్రవానికి నీళ్లు, కొద్దిగా ఆమ్లం కలిపి, అందులో పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్ జిగురు చేరుస్తారు. స్లాబుకు సెంట్రింగు ఎలాగో పోగుకు ఈ పాలిమర్ అలాగ. పని అయ్యేదాకా ఆకారం నిలబెట్టి, తర్వాత తప్పుకుంటుంది.

ఆ జిగట ద్రావణాన్ని సిరంజిలో పోసి, గంటకు ఒక మిల్లీలీటరు చొప్పున సూది కొసకు తోస్తారు. సూదికి 15 నుంచి 20 కిలోవోల్టుల విద్యుత్తు ఇస్తారు. కొసన వేలాడే బొట్టు గుండ్రంగా ఉండలేక శంఖు ఆకారంలోకి సాగుతుంది. ఆ ఆకారానికి 1964లో గణితం చెప్పిన జెఫ్రీ టేలర్ పేరే పెట్టారు. శంఖు మొన నుంచి సన్నటి ధార బయలుదేరి కొన్ని సెంటీమీటర్లు తిన్నగా పోతుంది. ఆపైన ధారలోని విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో అది సుడులు తిరుగుతుంది. పోగును అసలు సన్నబరిచేది ఆ సుడులే. జానెడు దూరంలో తిరుగుతున్న డ్రమ్ము మీదికి చేరేలోపు తడి ఆరిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆరడం ఆలస్యమై పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఈ వడికే పద్ధతికి ఫార్మ్‌హాల్స్ 1934లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాన్ లీ, యూనాన్ షియా 2003లో ఇలాగే టైటానియా (టైటానియం ఆక్సైడు) పోగులు తీసి 500 డిగ్రీల దగ్గర కాల్చారు.

వడకడం చూడ్డానికి బాగుంటుంది, అందరూ దాని గురించే చెబుతారు. నా దృష్టిలో పోగు బతుకు తేలేది కొలిమిలో. డ్రమ్ము మీది తెల్లటి చాప ఇంకా సిరామిక్ కాదు. దాన్ని నిమిషానికి కొద్ది డిగ్రీల చొప్పున, ఓపిగ్గా వేడిచేయాలి. తొందరపడితే కాలిపోతున్న పాలిమర్ నుంచి వచ్చే వాయువులు పోగును చీల్చుకుని వస్తాయి, చాప ముడుచుకుని పొడి రాలుతుంది. నెమ్మదిగా కాలిస్తే పాలిమరంతా పోయి, పోగు బాగా సన్నబడి, సిలికా మాత్రం మిగులుతుంది. అలాగని వేడి మరీ పెంచకూడదు. అల్యూమినా, టైటానియాల్లో స్ఫటిక రేణువులు పోగు మందమంతా ఆక్రమించేదాకా పెరిగి, పోగు వెదురు కణుపుల్లా తయారవుతుంది, ముట్టుకుంటే కణుపు దగ్గర తెగుతుంది. సిలికా కూడా దాదాపు 1,100 డిగ్రీలు దాటాక స్ఫటికంగా మారడం మొదలుపెట్టి పెళుసెక్కుతుంది.

ఇంత శ్రమ దేనికంటే, వేడిని ఆపడానికి. పోగుల మధ్య చిక్కుకున్న గాలి కదల్లేదు. వేడి పోగుల వెంటే పోవాలన్నా దారి సన్నం, వంకరటింకర. షాంఘైలోని డాంగ్‌హువా విశ్వవిద్యాలయం వారు 2018లో ఇలాంటి పోగులతో ఏరోజెల్, అంటే గాలే ఎక్కువగా నిండిన అతి తేలికైన పదార్థం, చేశారు. ఎత్తులో 80 శాతం అణిచినా తిరిగి లేచింది, 1,100 డిగ్రీల వేడిలోనూ ఆ సాగే గుణం పోలేదు. బ్యాటరీల్లో వీటి పని వేరు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో 2016లో లిథియం, లాంథనం, జిర్కోనియం ఉన్న గార్నెట్ అనే సిరామిక్ పోగుల వలలో పాలిమర్‌ను నింపారు. లిథియం అయాన్లు ఆ వల వెంట తెగకుండా నడిచాయి, మామూలు లిథియం బ్యాటరీల్లో అయాన్లను మోసే, మండే గుణమున్న ద్రవంతో పని లేకపోయింది.

అడ్డంకి ఉత్పత్తిలో ఉంది. గంటకు మిల్లీలీటరు ద్రావణం పోస్తే చేతికొచ్చే సిరామిక్ గ్రాములో చిన్న భాగమే. చెక్ దేశంలోని లిబెరెట్స్‌లో సూదులే లేకుండా, తడి ఉపరితలం నుంచే వేల ధారలు ఒకేసారి లేచే యంత్రాలు తయారుచేశారు. పాలిమర్ పోగులకు అవి బాగా పనిచేస్తున్నాయి. సిరామిక్ ద్రావణం మాత్రం గాలి తగిలేకొద్దీ గడ్డకడుతుంది, కాబట్టి దాన్ని గంటల తరబడి తెరిచి ఉంచడం కష్టం. విరిగిన పోగుల ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నవి కూడా. కొలిమి నుంచి చాపను తీసే మనిషి ముక్కుకు మాస్కు, పైన గాలిని లాగేసే గొట్టం లేకుండా ఆ పని చేయకూడదు.