పాత దెబ్బలు, మొండి నొప్పులు, హోమియో మందులు: అపోహలు – వాస్తవాలు

కడపలో ఫిజియోథెరపీ చేస్తున్న నా దగ్గరకు పాత దెబ్బల నొప్పులతో వచ్చేవారిలో చాలామంది అప్పటికే కొన్ని నెలలుగా హోమియో మందు వాడుతుంటారు. అందుకు వారిని తప్పుపట్టను. నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయని వారు భయపడటంలో అర్థం ఉంది. ఎక్స్‌రే చూసి "ఏమీ లేదు, వెళ్లండి" అని రెండు నిమిషాల్లో పంపించేసిన చోటుకన్నా, ఎదురుగా కూర్చోబెట్టుకొని ఎప్పుడు పడ్డారు, ఏ వేళ నొప్పి పెరుగుతుంది, నిద్ర ఎలా పడుతుంది అని ఓపికగా అడిగే చోటికే మనిషి మళ్లీ వెళ్తాడు. ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఈ వైద్యం ఇక్కడివారికి కొత్తదీ కాదు. కానీ ఆ మందుల చుట్టూ అల్లుకున్న మాటల్లో ఒకటి మాత్రం మనుషుల్ని నిజంగా కుంగదీస్తోంది. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: నొప్పి పెరిగిందంటే మందు పట్టిందన్నమాట.

వాస్తవం: నొప్పి పెరిగిందంటే నొప్పి పెరిగిందనే అర్థం. దానికి కారణం వెతకాలి.

ఈ నమ్మకం గాలిలో పుట్టలేదు. హోమియోపతిని స్థాపించిన శామ్యూల్ హానిమన్ సరైన మందు ఇచ్చినప్పుడు లక్షణాలు కొంత పెరగవచ్చని చెప్పాడు. అయితే ఆయన చెప్పింది కూడా స్వల్పంగా, కొద్దికాలం ఉండే పెరుగుదల గురించే. ఆ తరువాత హెరింగ్ అనే హోమియో వైద్యుడి పేరుతో మరొక సూత్రం ప్రచారంలోకి వచ్చింది. జబ్బు నయమయ్యేటప్పుడు లక్షణాలు వచ్చిన వరుసకు ఎదురు వరుసలో తిరిగి వెళ్తాయని, పాత బాధలు ఒకసారి మళ్లీ తలెత్తుతాయని దాని సారాంశం. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడిన మనిషికి నలభై ఏళ్ల వయసులో నడుము నొప్పి పెరిగితే, "పాత దెబ్బ బయటికి వస్తోంది, ఓర్చుకో" అని చుట్టుపక్కలవాళ్లు సులువుగా చెప్పగలగడానికి ఈ సూత్రమే ఆధారం. ఈ లెక్కన నొప్పి తగ్గినా మందు పనిచేసినట్టే, పెరిగినా పనిచేసినట్టే, ఏ మార్పూ లేకపోతే ఇంకా సమయం పడుతుందన్నట్టే. ఇక అనుమానించడానికి రోగికి ఏ సందర్భమూ మిగలదు.

ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనిలో పనిచేసే ఒకాయనను ఆయన భార్య నా దగ్గరకు తీసుకొచ్చింది. కొన్నేళ్ల కిందట ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి పడినప్పుడు నడుముకు తగిలిన దెబ్బే తిరగబెట్టిందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఆమె సంచిలోంచి గోడ క్యాలెండర్ కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. నొప్పి ఎక్కువైన ప్రతి తేదీ మీదా పెన్నుతో టిక్కు ఉంది. "జాస్తి అవుతాంది సార్, మందు బాగా పట్టినట్టే గదా" అని ఎంతో ఆశగా అడిగింది. కాగితాలు చూస్తున్నప్పుడు నా చూపు ఆయన బెల్టు మీద పడింది. కంపెనీవాళ్లు వేసిన చిల్లులు అయిపోయాక మేకుతో పొడిచిన రెండు చిల్లులు, అంచులు చిరిగి, కొత్తగా కనిపించాయి. ఎందుకని అడిగితే ప్యాంటు జారిపోతోందని చెప్పాడు. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు పట్టడం మేము అడిగాకే బయటికొచ్చాయి. వాటికీ నడుముకూ సంబంధం ఉండవచ్చని వారికి తోచలేదు. నేను ఒక్క వ్యాయామం కూడా చేయించకుండా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపాను. ఎంఆర్‌ఐ, తదుపరి పరీక్షల్లో వెన్నెముక క్షయ అని తేలింది. ఆ జబ్బుకు మందులు ఉన్నాయి, ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తుంది. ఏడాది పాటు మానకుండా వాడాలి. ఆయన వాడాడు, ఇప్పుడు నడుస్తున్నాడు. అయితే అప్పటికే అరిగి కుంగిన వెన్నుపూస మళ్లీ మొదటిలా నిలబడదు. ఆ క్యాలెండర్ మీద మొదటి టిక్కులు పడిన నెలలోనే వచ్చి ఉంటే ఆ వంపు అంత ఉండేది కాదు.

నొప్పి పెరుగుతూ పోయే జబ్బు ఇదొక్కటే కాదు. తుంటి కీలు బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడిపోయే స్థితి, ముఖ్యంగా స్టెరాయిడ్లు వాడినవారిలో, మద్యం ఎక్కువగా తాగేవారిలో, తుంటి ఎముక విరిగినవారిలో వస్తుంది. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎంఆర్‌ఐలోనే బయటపడుతుంది. అరచేయి ఆనించి పడినప్పుడు మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక చిట్లితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, కొందరికి అది అతుక్కోకుండానే ఉండిపోతుంది. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాస్తే అది పాత దెబ్బ కాదు, కీళ్లవాతం కావచ్చు. అందులో మొదటి నెలల్లో మొదలుపెట్టిన మందే వేళ్లు వంకర పోకుండా కాపాడుతుంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్ల నీరు ఏళ్ల తరబడి తాగిన పల్లెల్లో నడుము, మెడ కర్రలా బిగుసుకుపోవడానికి ఫ్లోరోసిస్ కూడా కారణం కావచ్చు. ఇవన్నీ మా జిల్లాల్లో "ఎప్పుడో తగిలిన దెబ్బ" అన్న ఒక్క మాట కింద దాగిపోతున్నాయి.

కాబట్టి ఏ మందు వాడుతున్నా సరే, ఈ సంకేతాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించుకోండి: పడుకున్నా తగ్గకుండా రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పాదం పైకి లేవకపోవడం, కాలిలో బలం తగ్గుతూ రావడం. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. నరాల మీద ఒత్తిడి తీసే ఆపరేషన్ ఎంత ఆలస్యమైతే దాని ఫలితం అంత తగ్గుతుంది.

అపోహ: హోమియో పాత దెబ్బను వేరుతో సహా తీసేస్తుంది.

వాస్తవం: విరిగిన ఎముక సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు అతుక్కుంటుంది. అతుక్కున్నాక కూడా నొప్పి మిగిలితే చాలాసార్లు దానికి కారణాలు వేరు. వాడకం లేక చిక్కిన కండరం, బిగుసుకున్న కీలు, చిన్న కదలికకూ హెచ్చరిక పంపడం అలవాటైన నరాలు. అలాంటప్పుడు తీయడానికి లోపల దాగిన దెబ్బ అంటూ ఏదీ ఉండదు. దెబ్బలకు ఎక్కువగా ఇచ్చే హోమియో మందు ఆర్నికా 30 అంటే వందకు ఒకటి చొప్పున ముప్పైసార్లు పలచన చేసినది. పన్నెండో మెట్టు దాటాక అందులో మూల పదార్థపు అణువు ఒక్కటి మిగలడం కూడా అరుదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలను సమీక్షించి, హోమియోపతి ఏ జబ్బుకైనా పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. మరి చాలామందికి తగ్గుతోంది కదా అంటే, మనం మందు మొదలుపెట్టేది నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడే. మొండి నొప్పులు హెచ్చుతగ్గులతో నడుస్తాయి కాబట్టి ఆ తరువాతి వారాల్లో కొంత తగ్గడం సహజం. ఆదరంగా వినే మనిషి దొరకడం వల్ల కలిగే ఊరట కూడా నిజమైనదే.

అపోహ: హోమియో వాడేటప్పుడు ఇంగ్లీషు మందులన్నీ ఆపేయాలి.

వాస్తవం: కీళ్లవాతానికి, బీపీకి, షుగరుకు, ఫిట్స్‌కు వాడే మందులను సొంతంగా ఆపవద్దు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

హోమియోకు సైడ్ ఎఫెక్టులే ఉండవన్న మాట బాగా పలచన చేసిన మందు వరకు దాదాపు నిజమే. అయితే పేరు, బ్యాచ్ నంబరు ఏదీ లేకుండా కాగితంలో మడిచి ఇచ్చే పొడి హోమియో అనే హామీ ఎక్కడ ఉంది? దానితో ఏళ్లనాటి కీళ్ల నొప్పి రెండు రోజుల్లో మాయమై, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగితే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. ఆ పొట్లం వైద్యుడికి చూపించాలి. హోమియో వాడేటప్పుడు ఉల్లి, కాఫీ మానడం వల్ల నొప్పికి వచ్చే లాభమూ నష్టమూ ఏమీ లేవు. ఆర్నికా క్రీమును పుండు మీద, చిట్లిన చర్మం మీద రాయకండి.

"హోమియో మానితేనే చూస్తారా సార్?" అని జంకుతూ అడిగేవారికి నా జవాబు ఒకటే: మానవలసిన పని లేదు, దాచవలసిన పనీ లేదు. మోకాలికైతే తొడ కండరం, నడుముకైతే పొట్ట, పిరుదుల కండరాలు బలపడేలా కొన్ని వారాల పాటు క్రమంగా పెంచే వ్యాయామాలు ఉంటాయి. మొదట్లో కొంచెం సలుపు ఉంటుంది, మర్నాటికి అది తగ్గాలి. తగ్గకుండా రోజురోజుకూ పెరిగితే ఓర్చుకోకుండా వెంటనే వచ్చి చెప్పండి. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, రక్త పరీక్షల కాగితాలతో పాటు ఇప్పుడు వాడుతున్న సీసాలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకొని తెచ్చుకోండి.