ఇంటిపేరు లేని వంశం

తార్నాకలో ఉండే ఒక పాఠకురాలు ఇటీవల ఇలా అడిగారు: "మా నాన్నగారి వైపు ఏడు తరాల పేర్లు ఇంట్లో రాసి ఉన్నాయి. అమ్మ వైపు చూస్తే అమ్మమ్మ తల్లి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ పేర్లూ ఊళ్లూ తెలుస్తాయా?" తెలియవు. కానీ కాగితం చేయలేని పని ఒకటి ఆ పరీక్ష చేస్తుంది, అది చేయలేని పని కాగితం చేస్తుంది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి.

ముందుగా కాగితం సంగతి చూద్దాం. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరూ గోత్రమూ మారిపోతాయి. నిజాం కాలపు భూమి కాగితాల్లో ఆమె పేరు పక్కన 'జౌజే' (అంటే భార్య) అని రాసి భర్త పేరు వేశారు. తల్లి పేరుకు అక్కడ చోటే లేదు. మహాలయ పక్షంలోనో పుష్కరాల్లోనో పిండప్రదానం చేసేటప్పుడు పన్నెండు మంది పెద్దల పేర్లు చెబుతారు, వాళ్లలో ఆరుగురు స్త్రీలే కదా అనిపిస్తుంది. లెక్కపెట్టి చూడండి: అమ్మ, నాన్న తల్లి, తాత తల్లి, అమ్మమ్మ, అమ్మకు నాన్నమ్మ, అమ్మ తాతకు తల్లి. ఈ ఆరుగురిలో తల్లి నుంచి తల్లికి తెగకుండా వెళ్లే వరుసలో ఉన్నది ఇద్దరే, అమ్మా అమ్మమ్మా. మిగిలిన నలుగురూ ఎవరో ఒక మగవాడికి తల్లి కావడం వల్ల ఆ జాబితాలోకి వచ్చినవారు. అమ్మమ్మ తల్లికి అందులో చోటు లేదు.

మన డీఎన్ఏలో అత్యధిక భాగం పాత నగలాంటిది. ప్రతి తరమూ తల్లి బంగారాన్నీ తండ్రి బంగారాన్నీ కరిగించి కొత్త నగ చేయిస్తుంది, పది తరాలు గడిచాక ఏ పిసరు ఎవరిదో చెప్పలేం. మైటోకాండ్రియాలోని డీఎన్ఏ అలా కరగదు. అది సారెతో పాటు వచ్చిన ఇత్తడి గుండిగ. తల్లి ఇచ్చింది ఇచ్చినట్టే కూతురికి, ఆమె కూతురికి చేరుతుంది. కొడుకుకూ ఒకటి అందుతుంది గానీ అది అతనితోనే ఆగిపోతుంది, అతని పిల్లలకు వాళ్ల తల్లి గుండిగే వస్తుంది. మైటోకాండ్రియా అంటే 'కణానికి శక్తికేంద్రం' అని బడిలో ఒక్క మార్కు కోసం బట్టీ పట్టిస్తారు, ఈ సంగతి మాత్రం చెప్పరు.

ఆ గుండిగ మీద 16,569 అక్షరాలుంటాయి, అందులో జన్యువులు 37. అండంలో దీని ప్రతులు లక్షకు పైగా ఉంటే శుక్రకణంలో ఉండేవి బహు కొద్ది. ఆ కొద్దిపాటి మైటోకాండ్రియాకు కూడా యుబిక్విటిన్ అనే ప్రోటీన్ ముద్ర పడుతుంది, ఫలదీకరణ తరువాత అండం వాటిని ఏరి నాశనం చేస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తాను. మన మేనరికాలు ఈ గుండిగ ప్రయాణాన్ని విచిత్రంగా మలుపు తిప్పుతాయి. ఒకాయన సొంత అక్క కూతురిని చేసుకున్నాడనుకోండి. అతనిదీ, అక్కదీ, అక్క కూతురిదీ ఒకే తల్లి గుండిగ కనుక భార్యాభర్తలిద్దరికీ మైటోకాండ్రియా ఒకటే, వాళ్ల పిల్లలకు నాన్నమ్మే అమ్మమ్మ తల్లి కూడా. మేనత్త కూతురిని చేసుకుంటే ఇంకా తమాషాగా ఉంటుంది. నాన్నమ్మ గుండిగ నాన్నతో ఆగిపోయింది, మేనత్తతో అత్తవారింటికి వెళ్లిపోయింది. ఒక తరం తిరిగేసరికి అదే గుండిగ కోడలి చేతుల్లో పుట్టింటికి వచ్చింది. ఆ ఇంటి పిల్లలకు పిండప్రదానంలో వచ్చే 'తాత తల్లి' అచ్చంగా అమ్మమ్మ తల్లి అవుతుంది. మేనమామ కూతురిని చేసుకుంటే మాత్రం ఇదేమీ జరగదు, ఎందుకంటే ఆ అమ్మాయి తెచ్చేది మేనమామ భార్య గుండిగ, అది బయటి ఇంటిది. అంటే మూడు మేనరికాల్లో రెండింటిలో, మరచిపోయామనుకున్న అమ్మమ్మ తల్లి పేరు నాన్న వైపు జాబితాలోనే దొరుకుతుంది. (దగ్గరి సంబంధాల్లో పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ప్రమాదం పెరుగుతుందన్నది వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.)

పరీక్షకు ఉన్న పెద్ద పరిమితి ఏమిటంటే ఈ గుండిగ మీద కొత్త సొట్ట పడటానికి, అంటే ఒక అక్షరం మారడానికి, సగటున వేల ఏళ్లు పడుతుంది. అందువల్ల ఇద్దరి అక్షరాలు పూర్తిగా కలిసినా వాళ్ల ఉమ్మడి తల్లి వందేళ్ల కిందటిది కావచ్చు, రెండు వేల ఏళ్ల కిందటిదీ కావచ్చు. కలవకపోతే మాత్రం, అదీ పది పదిహేను చోట్ల తేడా వస్తే, వాళ్లు అక్కచెల్లెళ్ల సంతానమన్న మాట అబద్ధమని తేలిపోతుంది. 'కాదు' అని గట్టిగా చెప్పి, 'అవును' అనడానికి నీళ్లు నమిలే సాక్షి ఇది.

ఆ సాక్షికి కాగితం తోడైతే ఏమవుతుందో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ విషయంలో చూశాం. 1485లో యుద్ధంలో చనిపోయిన ఆయన అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ల పార్కింగ్ స్థలం కింద దొరికింది. ఆయన అక్క యాన్ నుంచి కూతుళ్ల వరుసను పత్రాల ఆధారంగా దించుకుంటూ వచ్చి, నేడు బతికి ఉన్న ఇద్దరిని పట్టుకున్నారు. ఒకరి మైటోకాండ్రియా డీఎన్ఏ ఎముకల్లోని దానితో పూర్తిగా కలిసింది, రెండో వారిది ఒక్క అక్షరం తేడాతో కలిసింది. అదే తండ్రి వరుసలో వెతికితే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే అందే వై క్రోమోజోమ్ కలవలేదు, అంటే వంశవృక్షంలో రాసిన తండ్రి ఎక్కడో అసలు తండ్రి కాడన్నమాట!

మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం 2005లో అండమాన్ ఆదివాసుల వేర్లు ఎంత పాతవో చెప్పింది కూడా ఈ డీఎన్ఏతోనే. భారతీయుల్లో సగానికి పైగా 'ఎం' అనే ఒకే పెద్ద తల్లి శాఖకు చెందినవారు. కనుక మీ నివేదికలో 'ఎం' అని వస్తే అది మీ కులాన్నీ గోత్రాన్నీ ఊరినీ ఏమీ చెప్పదు. గోత్రాన్ని డీఎన్ఏతో నిరూపిస్తామనేవారి మాటలు నమ్మకండి. పెళ్లి పీటల మీద మారిపోయే గోత్రం ఏ కణంలోనూ ఉండదు.

ఇక ఆ పాఠకురాలు చేయవలసినది ఇది. పరీక్షకు ఆమె ఉమ్మి సరిపోతుంది, ఆమె మేనమామది కూడా సరిపోతుంది, మేనమామ పిల్లలది పనికిరాదు. పోల్చి చూడటానికి అమ్మమ్మ అక్కచెల్లెళ్ల కూతుళ్ల వైపు వారెవరైనా కావాలి. పేర్ల కోసమైతే శుభలేఖలకన్నా ముందు అటక మీది గిన్నెలు దింపి చూడమంటాను. మా ఇంట్లో నిజంగానే ఒక గుండిగ ఉంది. దాని అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు చింతపండుతో తోమాక బయటపడ్డాయి: 'చి.ల.సౌ.' అని మా అమ్మమ్మ పేరు, దాని కింద 'తల్లి ఇచ్చినది' అని మరొక పేరు. ఆ రెండో పేరు మా ఇంటి తద్దినాల్లో ఎన్నడూ వినిపించలేదు.