వాల్వ్ తీసేసిన బళ్లు: ఇంజన్ వేడి మీద అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే చాలు, బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "మేస్త్రీ, ఆ థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారెయ్. ఇంజన్ చల్లగా ఉంటుంది." నేను తీయనంటే ఇంకో షెడ్డుకు వెళ్లి తీయించుకుంటారు. చాలా బళ్లకు అది అరగంట పని. నష్టం మాత్రం రెండుమూడేళ్లకు తెలుస్తుంది, బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, అరిగి పనికి వచ్చినప్పుడు.

అపోహ: ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: కానే కాదు. ఇంజన్ వేడి మీద నడవాల్సిన వస్తువు. వాల్వ్ మీద 82 అనో 88 అనో అంకె కొట్టి ఉంటుంది, చూడండి. ఇంజన్ చుట్టూ తిరిగి వేడిని లాగే కూలెంట్ ఆ డిగ్రీలకు వచ్చేదాకా దాన్ని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపడమే దాని పని. బయట 45 డిగ్రీల ఎండ మనకు నిప్పులే, కానీ 90 దగ్గర నడవాల్సిన ఇంజన్‌కు అది చలి కిందే లెక్క. వాల్వ్ లేని బండి హైవే ఎక్కి గాలి తగిలిందంటే చాలాసార్లు 60, 65 దగ్గరే ఉండిపోతుంది.

అప్పుడు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. అందులో ఎక్కువ భాగం ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ బాగా కాగి ఉంటే ఆ తేమ మళ్లీ ఆవిరై వెళ్లిపోతుంది, చల్లగా ఉంటే అక్కడే ఆయిల్‌లో కలిసి మడ్డి అవుతుంది. పైగా ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోలు ఎక్కువ కొడుతుంది. కాలని పెట్రోలు బోరు గోడ మీది ఆయిల్‌ను కడుక్కుంటూ కిందికి జారి ఛాంబర్‌లో ఆయిల్‌ను పల్చన చేస్తుంది. చల్లటి గోడ మీద యాసిడ్ చెమ్మ పట్టి బోరును తినేస్తుంది. అరుగుదలకు అడ్డంగా ఆయిల్‌లో కలిపే జింక్ మందు కూడా వేడి తగిలితేనే లోహం మీద సరిగా పొర కడుతుంది. ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా, ఇంజన్ వేడెక్కకపోతే సగం డబ్బు వృథా.

ఆమధ్య ఒక మాస్టారు వచ్చారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెట్రోలు కారు, ఇంటి నుంచి బడికి రెండు కిలోమీటర్లు. "మైలేజీ తగ్గింది గానీ మేస్త్రీ, బండి మాత్రం బంగారం. ఆయిల్ చుక్క తాగదు, పైగా కాస్త పెరుగుతోంది కూడా" అన్నారు. పెరుగుతోందన్న మాటకే నాకు అనుమానం వచ్చింది. ఆయిల్ కొలిచే గేజీ పుల్ల లాగి వాసన చూస్తే పెట్రోలు కంపు. ఆయిల్ మూత తిప్పితే లోపలివైపు పాలకాఫీ మీద మీగడలా తెల్లగా, జిగటగా మందాన పట్టి ఉంది. స్కానర్ పెడితే పి0128 అనే కోడ్ వచ్చింది, అంటే ఇంజన్ చేరాల్సిన వేడికి చేరడం లేదని. హౌసింగ్, అంటే వాల్వ్ కూర్చునే డబ్బా, విప్పితే వాల్వ్ ఉండాల్సిన చోట ఖాళీ! పాత ఓనరు ఎప్పుడు తీయించాడో.

"నేనేం తప్పు చేశాను మేస్త్రీ, టైముకు ఆయిల్ మార్పిస్తూనే ఉన్నానే" అని ఆయన ఒకటే బాధ. మీ తప్పేం లేదు మాస్టారూ అని చెప్పి కొత్త వాల్వ్ వేశాం. ఆయిల్, ఫిల్టర్ మార్చి, వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ మార్చాం. మైలేజీ వచ్చింది. కానీ మూడో సిలిండర్‌లో పడిపోయిన కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కితే పుట్టే ఒత్తిడి, మాత్రం తిరిగి రాలేదు.

ఈ అలవాటు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నేను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్లకు, జీపులకు బోరింగు నీళ్లే పోసేవాళ్లు. రేడియేటర్లు ఉప్పు పట్టిపోయేవి, వాల్వులు మూసుకుని బిగుసుకుపోయేవి. స్పేరు దొరికేది కాదు, తీసేసి పంపేవాళ్లం. నేనూ తీశాను, చాలా బళ్లకు. ఇప్పుడు ఆ అవసరం లేదు. బండి నిజంగా కాగుతుంటే ఫ్యాను, రేడియేటర్, వాటర్ పంపు, రేడియేటర్ మూత, హెడ్ గాస్కెట్ వరసగా చూడాలి. కొన్ని ఇంజన్లకు వాల్వ్ తీస్తే బైపాస్ దారి తెరుచుకునే ఉంటుంది. కూలెంట్ కొంత రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజన్‌లోకే తిరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

నమ్మనివాళ్లకు టీ గిన్నెలో నీళ్లు పెట్టి చూపిస్తాను. వాల్వ్ నోట్లో దారం ఇరికించి నీళ్లలో వేలాడదీస్తాను. నీళ్లు కాగుతూ అంకె దగ్గరికి రాగానే వాల్వ్ నోరు తెరుస్తుంది, దారం వదిలి టక్కున గిన్నెలో పడుతుంది. అది చూశాక తీసేయమని అడిగినవాళ్లు తక్కువ.

మిగతావి త్వరగా చెబుతాను. టెంపరేచర్ మీటరు ముల్లు సగానికి వచ్చిందని టెన్షన్ పడకండి, చాలా కార్లకు దాని చోటు అదే. ఎర్ర గీత వైపు పోతే మాత్రం వెంటనే పక్కకు ఆపండి, వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడిందంటే మసిని పట్టి ఉంచుతోందని, అది దాని పనే. చిక్కటి ఆయిల్ మంచిదని 0డబ్ల్యూ-20 అనే పల్చటి ఆయిల్ అడిగే ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోయకండి, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అది పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచడమూ వద్దు, అర నిమిషం ఆగి నెమ్మదిగా నడపండి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిని వారానికోసారి అరగంట రోడ్డెక్కించండి. ముల్లు సగానికి వచ్చినా ఆయిల్ ఇంకా కాగదు, దానికి ఎక్కువసేపు పడుతుంది.

మీ బండికి వాల్వ్ ఉందో లేదో తెలియాలంటే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఫ్యానుకు దూరంగా, రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టి చూడండి. చాలా బళ్లలో ముల్లు లేస్తున్నా గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ గోరువెచ్చగా పెరుగుతూ వస్తే హౌసింగ్ విప్పించండి.