కియా ఓనర్లు ‘కాకపోతే’ అని ఎందుకు ఆగుతారు?

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, అనంతపురం దాటిన కాసేపటికి రోడ్డు పక్కన తెలుగు, ఇంగ్లిష్ బోర్డుల మధ్య సున్నాలూ నిలువు గీతలూ కలిపి రాసిన కొత్త లిపి కనిపించడం మొదలవుతుంది. కొరియన్ భోజనం దొరుకుతుందని చెప్పే బోర్డులు అవి. అంటే పెనుకొండ వచ్చేసినట్టే. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపి వదిలి వచ్చి తలదాచుకున్న ఊరు ఇది. ఇప్పుడు ఆ కొండ కోటకి దగ్గర్లోనే, ఎర్రమంచి దగ్గర, కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది.

ఆ కార్లు కొన్నవాళ్లని పలకరిస్తే ఓ విచిత్రం తెలుస్తుంది. ముందు పొగుడుతారు. ‘బండి చూడ్డానికి సూపర్. ఈ రేటుకి ఇన్ని ఫీచర్లు ఇంకెవరిస్తారు’ అంటారు. వెనకాలే ‘కాకపోతే...’ అని ఆగుతారు. ఆ ‘కాకపోతే’ తర్వాత వచ్చేది ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఒకరికి గేర్‌బాక్స్, ఒకరికి సర్వీసు బిల్లు, ఇంకొకరికి క్రాష్ టెస్ట్ స్టార్లు. పెనుకొండలోనే కాదు, అమెరికాలోనూ కియా ఓనర్లది దాదాపు ఇదే వరస. పొగడ్త కంటికి కనిపించేదాని గురించి, ఫిర్యాదు కనిపించనిదాని గురించి. ఎందుకిలా అని వెతికితే సంగతి షోరూంలో కాదు, ఆ కంపెనీ బతికిన తీరులో దొరుకుతుంది.

కియా పుట్టింది కార్ల కోసం కాదు. 1944 డిసెంబరులో, కొరియా ఇంకా జపాన్ చేతిలో ఉన్నప్పుడు, సియోల్‌లో కిమ్ చోల్-హో అనే ఆయన ఉక్కు గొట్టాలూ సైకిల్ విడిభాగాలూ చేసే చిన్న కర్మాగారం పెట్టాడు. వయసులో ఉండగా జపాన్‌లోని ఒసాకా వెళ్లి పని నేర్చుకొచ్చిన మనిషి. కొరియా యుద్ధం వచ్చాక పని దక్షిణ కొసనున్న బుసాన్ రేవు పట్టణానికి మారింది. దేశమంతా శరణార్థులతో నిండిపోయిన ఆ రోజుల్లోనే, 1952లో, కొరియాలో తయారైన మొదటి సైకిల్ అక్కడ బయటికొచ్చింది. దాని పేరు సామ్‌చోన్‌రి. ‘మూడు వేల రీలు’ అని అర్థం. ఆ చివర్నుంచి ఈ చివరికి కొరియా పొడవు అంతని వాళ్ల లెక్క. మనం ‘ఆసేతు హిమాచలం’ అన్నట్టు. ఆ ఏడాదే కంపెనీకి కియా అనే పేరు వచ్చింది. ఆసియా నుంచి పైకి లేవడం అని దాని భావం.

సైకిల్ తర్వాత మోటార్‌సైకిల్, దాని తర్వాత 1962లో మూడు చక్రాల బుల్లి ట్రక్కు. మోటార్‌సైకిల్‌కి హోండా తోడుంటే ట్రక్కుకి మాజ్దా తోడు. 1973లో సియోల్ దగ్గరున్న సోహరిలో పెద్ద ఫ్యాక్టరీ కట్టి, మరుసటి ఏడాది బ్రిసా అనే కారు తెచ్చారు. అదీ మాజ్దా కారు ఆధారంగా చేసిందే. ఆ అలవాటు చాలా కాలం పోలేదు. 1987 నాటి ప్రైడ్ కారు సంగతే చూడండి. డిజైన్ మాజ్దాది, తయారీ కియాది, అమెరికాలో అమ్మింది ఫోర్డ్, అదీ ఫెస్టివా అనే తన పేరుతో. చేతులు కియావి, ముఖం ఇంకొకరిది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మధ్యలో కియాకి పెద్ద గండం వచ్చింది. 1981లో చున్ డూ-హ్వాన్ సైనిక ప్రభుత్వం ఏ కంపెనీ ఏ బండి చేయాలో తనే పంచిపెట్టింది. ‘నువ్వు కార్లు మానెయ్, చిన్న ట్రక్కులు చేసుకో’ అని కియాకి చెప్పింది. కారు కంపెనీని కార్లు చేయొద్దంటే ఇంకేం మిగులుతుంది? అందరూ అయిపోయిందనుకున్నారు. అప్పుడు కియా తన బోంగో ట్రక్కునే కొంచెం మార్చి, మనుషులు కూర్చునే వ్యాన్‌గా వదిలింది. చిన్న వ్యాపారులు, పెద్ద కుటుంబాలు, చర్చిలు, ట్యూషన్ సెంటర్లు ఎగబడి కొన్నాయి. మన దగ్గర వనస్పతికి డాల్డా పేరు అతుక్కుపోయినట్టు, కొరియాలో ఏ కంపెనీ వ్యాన్‌నైనా బోంగో అనేశారు. కియా చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. ముచ్చటగా ఉండే బండి కాదు. కానీ కొన్నవాడికి ఏం కావాలో తెలిసి చేసిన బండి.

గండం గట్టెక్కి మళ్లీ కార్లలోకి వచ్చాక కియా ఆశ పెరిగింది, అప్పులూ పెరిగాయి. ఉక్కు వ్యాపారంలో పెట్టిన డబ్బు మెడకి చుట్టుకుంది. 1997 జులైలో కంపెనీ చేతులెత్తేసింది. కొరియాలో ఎనిమిదో పెద్ద వ్యాపార సంస్థ అది. కొన్ని నెలలకే దేశమే అప్పు కోసం ఐఎంఎఫ్ గడప తొక్కింది. మరుసటి ఏడాది వేలంలో ఫోర్డ్, శామ్‌సంగ్, డేవూ కూడా పోటీకి దిగాయి. చివరికి 51 శాతం వాటాతో కియా హ్యుందాయ్ చేతికొచ్చింది. నిన్నటిదాకా బజార్లో ఎదురు నిలబడి కొట్లాడిన ఇంటికే కోడలిగా వెళ్లినట్టయింది.

అక్కణ్నుంచి అసలు చిక్కు మొదలైంది. ఇంజిన్ ఒకటే, గేర్‌బాక్స్ ఒకటే, అడుగున చట్రం ఒకటే. అలాంటప్పుడు హ్యుందాయ్ ఉండగా కియా ఎందుకు కొనాలి? చవకగా ఉంటుందని కొనేవాళ్లు కొన్నాళ్లు కొన్నారు. అలా ఎప్పటికీ నడవదని యజమాని కుటుంబంలోని చుంగ్ ఉయ్-సన్‌కి అర్థమైంది. అప్పుడు కియాని నడిపిస్తున్నది ఆయనే. 2006లో ఆడి టీటీ కారు డిజైన్‌తో పేరు తెచ్చుకున్న జర్మన్ డిజైనర్ పీటర్ ష్రయర్‌ని తీసుకొచ్చాడు. ఎక్కడ చూసినా ఇది కియా అని తెలియాలి, అదీ ఆయన పని. పులి ముక్కులా మధ్యలో నొక్కినట్టుండే ముందు గ్రిల్ అలా వచ్చింది. ఎప్పుడూ ఇంకొకరి ముఖంతో తిరిగిన కంపెనీకి అరవై ఏళ్లు దాటాక సొంత ముఖం వచ్చింది. లోపలి సామాను హ్యుందాయ్‌తో పంచుకున్నదే కాబట్టి, కియా తనదని చూపించుకోగలిగింది బయటి అందం, లోపలి హంగులు. ఓనర్లు ముందుగా పొగిడేది అవే కావడంలో వింతేముంది? 2021లో లోగో మార్చినప్పుడు మాత్రం ఆ అందం కాస్త శ్రుతి మించింది. కొత్త అక్షరాలు చూసి చాలామంది ‘ఈ కేఎన్ కారు ఎవరిది’ అని గూగుల్‌లో వెతికారు.

పేరు మీద నమ్మకం లేని చోట కియా గ్యారంటీ ఇచ్చింది. అమెరికాలో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకి పదేళ్లు లేదా లక్ష మైళ్లు, యూరప్‌లో బండికి ఏడేళ్లు. కొన్నవాళ్లకి ధైర్యం వచ్చింది. 2016లో జేడీ పవర్ సంస్థ అమెరికాలో చేసే ఇనిషియల్ క్వాలిటీ సర్వేలో కియా బెంజ్, లెక్సస్ లాంటివాటిని కూడా దాటి అన్నిటికన్నా పైన నిలిచింది. కానీ ఆ సర్వే అడిగేది బండి కొన్న మొదటి 90 రోజుల సంగతి. పెళ్లయిన మూడు నెలలకి అల్లుడెలా ఉన్నాడని అడిగినట్టు.

ఆ రోజుల్లోనే రోడ్ల మీద ఇంకో కథ నడుస్తోంది. హ్యుందాయ్, కియా రెండూ వాడిన తీటా-2 అనే ఇంజిన్లలో కొన్నిటికి, తయారీలో మిగిలిపోయిన సన్నటి లోహపు రజను ఆయిల్ దారులకి అడ్డం పడేది. ఆయిల్ అందక బేరింగులు అరిగేవి. ముందు టకటకమని చప్పుడు, తర్వాత హైవే మీద ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోవడం, కొన్నిటికి మంటలు. హ్యుందాయ్‌లో పనిచేసిన కిమ్ గ్వాంగ్-హో అనే ఇంజినీరు లోపల తొక్కిపట్టిన కాగితాలు పట్టుకెళ్లి అమెరికా అధికారులకి ఇచ్చాడు. లోపమున్న బండ్లని వెనక్కి పిలిచి బాగుచేసే రీకాల్‌ని ఆలస్యం చేశారని 2020లో రెండు కంపెనీల మీదా కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందం కుదిరింది. అందులో కియా వాటా 7 కోట్లు. బయటపెట్టిన ఇంజినీరుకి మరుసటి ఏడాది 2.4 కోట్ల డాలర్లకి పైగా బహుమతి వచ్చింది.

ఇంకా చిత్రమైంది దొంగతనాల సంగతి. అసలు తాళం కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ అనే చిన్న పరికరం ఉంటుంది. 2015 మోడళ్ల నాటికి అమెరికాలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి అది మామూలుగానే వచ్చేది. హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే ఉంది. తాళం తిప్పి నడిపే చవక మోడళ్లలో దాన్ని పెట్టకుండా వదిలేశారు. 2021 నాటికి మిల్వాకీ నగరంలో కుర్రాళ్లు ఇది కనిపెట్టేశారు. ఫోన్ ఛార్జింగ్ వైరు కొస చాలంటూ టిక్‌టాక్‌లో వీడియోలు తిరిగాయి. ఆ కుర్రాళ్లకి ‘కియా బాయ్స్’ అని పేరే పడింది. ప్రాణాలు కూడా పోయాయి. కొన్ని ఊళ్లలో ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ కార్లకి కొత్త పాలసీ ఇవ్వబోమన్నాయి. చివరికి 83 లక్షల బండ్లకి సాఫ్ట్‌వేర్ మార్చి, స్టీరింగ్‌కి బిగించే ఇనుప లాకులు ఉచితంగా పంచి, దాదాపు 20 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లలు అక్కడ మొదట కొనేది సెకండ్‌హ్యాండ్ కారే కదా, బేరం కుదిరిందని ఆప్టిమా, సోల్ లాంటి పాత కియా కారు తీసుకునే ముందు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఇందులో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. అమెరికా సరిహద్దు దాటి కెనడా వెళ్తే, ఇదే కియా కార్లలో ఇమ్మొబిలైజర్ ఉంది. ఎందుకంటే అక్కడ 2007 నుంచి చట్టం అడిగింది. అమెరికాలో అడగలేదు. కొనేవాడికి కనిపించదు, చట్టం అడగదు, కాబట్టి పెట్టలేదు. ఆ ‘కాకపోతే’కి అసలు వేరు ఇదేనని నా అభిప్రాయం.

ఇక మన సంగతి. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. ఒకపక్క బెంగళూరు, ఇంకోపక్క రేవులూ విడిభాగాల కంపెనీలూ ఉన్న తమిళనాడు. వానకి ఎదురుచూస్తూ శెనక్కాయ వేసుకునే నేల అది. ఫ్యాక్టరీ కోసం గొల్లపల్లి రిజర్వాయరుకి హంద్రీ-నీవా నీళ్లు వచ్చాయి. 2020లో ఫ్యాక్టరీ తమిళనాడుకి వెళ్లిపోతుందని వార్త వచ్చి రాజకీయంగా పెద్ద గోల అయింది, కంపెనీ కాదంది. అంతకంటే ఆశ్చర్యపరిచింది 2025లో వచ్చిన వార్త. కొన్నేళ్లుగా ఈ ఫ్యాక్టరీ నుంచి దాదాపు 900 ఇంజిన్లు మాయమయ్యాయని కంపెనీయే పోలీసుల దగ్గరికెళ్లింది. అమెరికాలో కార్లు పోతే ఇక్కడ ఇంజిన్లే పోయాయన్నమాట.

2019 ఆగస్టులో వచ్చిన సెల్టోస్‌కి బుకింగులు తెరిచిన మొదటి రోజే 6,046 వచ్చాయి. మన దేశంలో ఒక్క కారు కూడా అమ్మని కంపెనీకి! రూ. 9.69 లక్షల నుంచి ధర. పై మోడళ్లలో వెన్నుకి చల్లగాలి తగిలే సీట్లు, చుట్టూ చూపించే కెమెరా, బోస్ సౌండ్. అప్పటిదాకా ఈ హంగులు కావాలంటే ఇంకా చాలా లక్షలు పెట్టాలి. ఆ తర్వాత సోనెట్, ఏడుగురు పట్టే కారెన్స్ వచ్చాయి. ఇన్నోవాకి డబ్బు సరిపోని కుటుంబాలు అమ్మానాన్నలతో తిరుపతికి కారెన్స్‌లో బయల్దేరాయి. 2023 జులైకి పెనుకొండ నుంచి పది లక్షల కార్లు బయటికొచ్చాయి.

ఓనర్ల ‘కాకపోతే’ కూడా అంతే వేగంగా వచ్చింది. డీజిల్ ఇంజిన్ మీద చెడ్డమాట తక్కువ, మైలేజీకి జనం సంతోషంగానే ఉన్నారు. డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసుకున్నవాళ్లు మాత్రం చీమ నడకలా కదిలే సిటీ ట్రాఫిక్‌లో అది వేడెక్కుతుందని టెన్షన్ పడ్డారు. మొదటి సెల్టోస్‌లో గుంతలు నడుముకి తెలుస్తాయన్నారు. ఇవన్నీ ఓర్చుకునేవే. ఓర్చుకోలేనిది 2020 నవంబరులో వచ్చింది. కార్లకి క్రాష్ టెస్టులు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన సెల్టోస్‌ని గోడకి గుద్దించి పెద్దల రక్షణకి మూడు, పిల్లలకి రెండు స్టార్లు ఇచ్చింది. బాడీ నిలకడగా లేదంది. అంతకుముందు ఏడాదే కొరియాలో తయారై ఆస్ట్రేలియాలో అమ్ముడైన సెల్టోస్‌కి అక్కడి పరీక్షలో ఐదు స్టార్లు. పరీక్షలు ఒకటి కావు, బండ్లలో ఎయిర్‌బ్యాగుల లెక్కా ఒకటి కాదు, నిజమే. అయినా పేరు ఒకటే కదా. కెనడా, అమెరికా కథ ఇక్కడ ఆస్ట్రేలియా, ఇండియా కథ అయింది.

2022లో కారెన్స్‌ని అన్ని మోడళ్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులతో తెచ్చారు. అయినా ఆ ఏడాది పరీక్షలో మూడు స్టార్లే. ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టుకుని ధీమాగా ఉన్నవాళ్లకి బాడీ గట్టిదనం వేరే సంగతని అప్పుడు తెలిసింది. తర్వాత భారత్ ఎన్‌క్యాప్ పేరుతో దేశంలోనే పరీక్షలు మొదలయ్యాయి, టాటా, మహీంద్రా ఐదు స్టార్లని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసుకున్నాయి. 2025లో కియా సైరోస్ కూడా ఐదు స్టార్లు తెచ్చుకుంది.

ఇప్పుడు షోరూంకి ఒక కుటుంబం వెళ్తే చూడండి. పిల్లాడు సీటెక్కి సన్‌రూఫ్ బటన్ నొక్కుతుంటాడు. అమ్మ వెనక సీట్లో కూర్చుని ఏసీ తగులుతోందా లేదా చూస్తుంది. తాతయ్య బయటే నిలబడి డోరు ఒకసారి వేసి, తీసి, మళ్లీ వేసి ఆ చప్పుడు వింటాడు. తర్వాత సేల్స్ కుర్రాణ్ని పిలిచి ‘బాబూ, దీనికెన్ని స్టార్లు?’ అంటాడు. 2019లో సెల్టోస్ కోసం క్యూ కట్టినప్పుడు ఈ ప్రశ్న అడిగినవాళ్లు బాగా తక్కువ.